మేడ పలకలు కిర్రుమనుట ఎందులకు?



కిర్రు చెప్పులు తొడిగి వీథిలో నడచుట ఒకనాడు దర్జాగా ఎంచబడెడిది. కాని కాలిక్రింది నేలయే కిర్రుమన్నచో దర్జా మాట యటుండ, అర్ధరాత్రమున గుండె ఝల్లుమనును. దూలములపై చెక్కపలకలు పరచి పై యంతస్తునకు నేల వేసిన తాతలనాటి మేడలు ఇప్పటికిని కొన్ని నిలిచియున్నవి. అట్టి యింట పిల్లలు దయ్యమని జడియుదురు. పెద్దలు ఇల్లు కూలునేమో యని చింతింతురు. కారణము తెలిసినచో భయము తగ్గును; ఇల్లును నిలుచును.

చెట్టునుండి విడివడినను చెక్క గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచునే యుండును. వానకాలమున ఉబ్బును, ఎండకాలమున కుంచించుకొనును. ఈ మార్పు పలక వెడల్పున ఎక్కువగను, పొడవున లేశమాత్రముగను ఉండును. ఏండ్ల తరబడి ఇట్లు జరుగగా మేకులపై చెక్క పట్టు సడలి, పలకకును దూలమునకును నడుమ సన్నని సందు ఏర్పడును. అడుగు వేయగా పలక దిగును, తీయగా లేచును. అప్పుడది మేకుతోనో, ప్రక్కపలకతోనో రాచుకొని, ఒక క్షణము పట్టుకొని, మరుక్షణము జారి కంపించును. ఆ కంపమే మనకు కిర్రుమని వినబడును. ఫిడేలు తీగపై కమాను పలికించు నాదమునకును సూత్రము ఇదియే.

మొదటి పని చోటు కనుగొనుట. ఒకరు పైన మెల్లగా నడువవలెను. మరియొకరు క్రింద నిలిచి వినవలెను. పలక కదలినచోట సుద్దతో గుర్తు పెట్టవలెను.

రెండవ పని పరీక్షించుట. సుత్తిపిడితో తట్టినప్పుడు బోలుధ్వని వచ్చినను, మొనగల పనిముట్టు చెక్కలోనికి సులువుగా దిగినను, దూలముపై చెదలు కట్టిన మట్టిచారలు కనబడినను, అది అపాయసూచకము. ఆ చోట నడచుట మాని, వడ్రంగి మేస్త్రిని పిలువవలెను. చెక్క గట్టిగా నున్నచో ఈ క్రింది ఉపాయములు చాలును.

1. పలకలు ఒకదానితో నొకటి రాచుకొనుచున్నచో, వాని సందులలో టాల్కం పొడి చల్లి గుడ్డతో లోనికి దిగునట్లు రుద్దవలెను. బండి ఇరుసునకు కందెన వంటిదే ఇదియు.

2. దూలమునకును పలకకును సందు ఉన్నచో, పలుచని చెక్కచీలికకు జిగురు పూసి క్రిందినుండి చేతితో దూర్చవలెను. సుత్తితో గట్టిగా కొట్టినచో పలక పైకి లేచి కొత్త సందు పుట్టును.

3. మేకు వదులైనచో దానినే మరల కొట్టుట వలన లాభము స్వల్పము. రంధ్రము ఇదివరకే వెడల్పైనది గదా! దాని ప్రక్కన స్క్రూ బిగించుట మేలు. పలక మందము 1 అంగుళమైనచో 2½ అంగుళముల స్క్రూ తగును. బరమాతో పలకలో స్క్రూ సులువుగా దూరు రంధ్రమును, దూలములో అంతకంటె సన్నని రంధ్రమును చేయవలెను. అప్పుడు మరలు దూలమును పట్టి, స్క్రూ తల పలకను క్రిందికి అదిమి యుంచును. తల కొంచెము లోనికి దిగనిచో కాలికి గ్రుచ్చుకొనును.

పలకల క్రింద విద్యుత్తీగలు ఉన్నవేమో పెద్దలచే చూపించుకొనక రంధ్రము చేయరాదు. బరమా పట్టునప్పుడు పెద్దలు దగ్గర నుండవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మేస్త్రి వచ్చిన నాడు పిల్లలను ప్రక్కన కూర్చుండనిండు. దూలము, వాసము, ఉలి, బాడిస, చిత్రిక అను మాటలు పొరుగుభాషల నడుమ పెరుగు మన పిల్లలకు పుస్తకములో చదివినంత మాత్రమున నిలువవు. పని చూచుచు విన్నచో మరపునకు రావు. ఒక పలకను బిగించుటతోపాటు కొన్ని మాటలును ఇంట బిగిసినచో ఆ దినము సార్థకమగును.