కైకోరా తిమింగిలములు

న్యూజిలాండు దేశము దక్షిణార్ధగోళమున పసిఫిక్ మహాసముద్రములో నున్నది. అందలి దక్షిణ దీవి తూర్పుతీరమున కైకోరా అను చిన్న పట్టణము కలదు. దాని వెనుక శీతకాలమున మంచు కప్పుకొను ఎత్తైన పర్వతములు, ముందు అంతులేని సముద్రము. ఆ దేశపు ఆదివాసులైన మావోరీల భాషలో 'కై' యనగా తినుట. 'కోరా' యనగా పెద్ద రొయ్యను పోలిన ఒక జలచరము. ఆ జలచరములు సమృద్ధిగా దొరకుటచే ఊరికి ఆ పేరు వచ్చినది. కాని నేడు దేశదేశములనుండి జనులు అచ్చటికి వచ్చుట రొయ్యల కొరకు కాదు. పడవ నెక్కి సముద్రముమీదికి పోయి, తిమింగిలములను, సముద్రపక్షులను కన్నులార చూచుట కొరకు.

లోతులలో మేత వెదకు పెద్ద తిమింగిలములు సాధారణముగా తీరమునకు చాల దూరమున సంచరించును. కైకోరా యొద్ద అవి ఒడ్డునకు ఇంత సమీపమున నుండుటకు కారణము సముద్రగర్భమున నున్నది. అచ్చట సముద్రపు అడుగున ఒక గొప్ప లోయ తీరమునకు దగ్గరనే ఆరంభమై, వేయి మీటర్లకు మించిన లోతునకు దిగిపోవును. దక్షిణమునుండి వచ్చు చల్లని నీరు, ఉత్తరమునుండి వచ్చు వెచ్చని నీరు ఆ ప్రాంతముననే కలిసికొనును. ఆ కలయికచే అడుగుననున్న పోషకపదార్థములు పైకి లేచును. వానివలన కంటికి కానరాని సూక్ష్మమైన మొక్కలు పెరుగును. ఆ మొక్కలను చిన్న ప్రాణులును, వానిని చేపలును, చేపలను పక్షులును, సీళ్ళును, డాల్ఫిన్లును తినును. లోయ లోతులలో స్క్విడ్ అను పలు చేతుల మెత్తని జీవులు మెండుగా నుండును. స్పెర్మ్ తిమింగిలమునకు అదియే ముఖ్యాహారము.

ఇంత విశాలమైన సముద్రమున తిమింగిలమును కనుగొనుట యెట్లు? కన్నులకంటె ముందు చెవులు తోడ్పడును. పడవవారు యంత్రమును ఆపి, నీటిలోని ధ్వనులను వినిపించు హైడ్రోఫోను అను పరికరమును సముద్రములోనికి దింపుదురు. లోతులలో వెలుతురు లేదు. తిమింగిలము టక్, టక్ మని ధ్వని చేయుచు, ఆ ధ్వని తిరిగివచ్చు తీరునుబట్టి తన ఆహారమును గుర్తించును. వడ్రంగి సుత్తితో కొట్టినట్లుండు ఆ చప్పుడు పైనున్నవారికి స్పష్టముగా వినవచ్చును. ఆ చప్పుడు ఆగినచో తిమింగిలము పైకి వచ్చుచున్నదని అనుభవజ్ఞులు గ్రహింతురు.

అప్పుడు పడవలోని వారందరును ఊపిరి బిగబట్టి నలుదెసల చూతురు. దూరమున నీటిపై తెల్లని ఆవిరి లేచును. స్పెర్మ్ తిమింగిలమునకు నాసికారంధ్రము తలపై ఎడమప్రక్కన ఒకటియే యుండుటచే, ఆ ఆవిరి నిటారుగా గాక ముందునకు, ఎడమకు వాలి లేచును. ఎదిగిన మగ తిమింగిలము పొడవు సుమారు 16 మీటర్లు. కైకోరాలో కానవచ్చునవి చాలవరకు మగవియే. ఆడవి పిల్లలతో వెచ్చని జలములందు నివసించును. అది సుమారు పది నిమిషములు నీటిపై తేలియాడుచు గాలి పీల్చుకొనును. పిమ్మట వీపు వంచి, విశాలమైన తోకను ఆకాశమువైపు ఎత్తి, నిలువుగా మునిగిపోవును. మరల అది కనబడుటకు ముప్పావుగంట పట్టవచ్చును, గంటయైనను పట్టవచ్చును. మనుష్యుల వ్రేలిముద్రలవలె ప్రతి తిమింగిలము తోక అంచునను వేర్వేరు గాట్లుండును. వానినిబట్టి పరిశోధకులు ఒక్కొక్క తిమింగిలమును గుర్తింతురు.

ఆకాశమునందలి వింతయు దీనికి తీసిపోదు. సంచార ఆల్బట్రాస్ అను పక్షి రెక్కలు విప్పినచో ఈ కొననుండి ఆ కొనకు 3 మీటర్లకు మించును. అది గాలి వాలును కనిపెట్టి, రెక్కలాడింపకయే గంటలతరబడి ఎగురగలదు. సముద్రపు ఉప్పునీటిని త్రాగి, అధికమైన ఉప్పును ముక్కు ద్వారమున విసర్జించును. కాని ఈ పక్షి రెండేండ్ల కొకసారి ఒకే గ్రుడ్డు పెట్టును. కనుక ఒక్క పక్షి చచ్చినను ఆ లోటు పూడుటకు చాలకాలము పట్టును. దూరసముద్రమున జాలరులు వేయు పొడవైన గాలపు త్రాళ్ళయందలి ఎరను మ్రింగబోయి ఎన్నో ఆల్బట్రాస్‌లు గాలమునకు చిక్కి మునిగిపోవుచున్నవి. రాత్రివేళ గాలములు వేయుట, త్రాడునకు బరువులు కట్టి వేగముగా ముంచుట, రంగురంగుల పీలికలను వ్రేలాడదీసి పక్షులను బెదరించుట మొదలగు ఉపాయములచే ఈ నష్టమును తగ్గింపవచ్చును.

ఈ తీరము ఎల్లప్పుడును ఇట్లు లేదు. 1842వ సంవత్సరమున రాబర్ట్ ఫైఫ్ అను నతడు కైకోరాలో తిమింగిలముల వేటకు స్థావరము నెలకొల్పెను. తిమింగిలముల నూనెతో నాడు దీపములు వెలిగెడివి, యంత్రములు తిరిగెడివి. నాటి ఇంటి యొకదాని పునాదులయందు తిమింగిలపు వెన్నెముకలే నేటికిని కానవచ్చును. న్యూజిలాండులో ఈ వేట 1964వ సంవత్సరమున ముగిసెను. 1978వ సంవత్సరమున సముద్రక్షీరదముల రక్షణకు ఆ దేశము చట్టము చేసెను.

ఇంతలో ఊరికి వేరొక కష్టము వచ్చెను. 1980 దశకమున ప్రభుత్వశాఖలలో జరిగిన మార్పులవలన రైల్వే మొదలగు చోట్ల పనిచేయుచుండిన అనేకులు ఉద్యోగములు కోల్పోయిరి. మావోరీల కష్టము మరింత అధికమయ్యెను. నాతి కురీ అను తెగవారికి తమ మూలపురుషుడైన పైకియా తిమింగిలముపై స్వారిచేసి వచ్చెనను గాథ కలదు. "పూర్వము మన పెద్దను మోసిన తిమింగిలమే నేడు మనకు దారి చూపకూడదా?" అని వారికి తోచెను. బిల్ సాలమన్ అను పెద్ద మొదలగువారు పూనుకొనిరి. కొన్ని కుటుంబములవారు తమ ఇండ్లను తాకట్టుపెట్టి, 1987వ సంవత్సరమున ఒక చిన్న పడవతో యాత్రికులకు తిమింగిలములను చూపు పని ఆరంభించిరి. ఆ పని నిలిచి, పెరిగి, ఊరికే జీవనాధారమయ్యెను. చచ్చిన తిమింగిలము ఒక్కమారే ధనమిచ్చును; బ్రతికియున్న తిమింగిలము ఏటేట అన్నము పెట్టును.

చూచుటకును ఒక మర్యాద కలదు. 1992వ సంవత్సరపు నియమముల ప్రకారము తిమింగిలమునకు 300 మీటర్లలోపల ఒకేసారి మూడు వాహనములకంటె ఎక్కువ ఉండరాదు. 50 మీటర్లకంటె దగ్గరకు పోరాదు; పిల్లతోనున్న తల్లికి 200 మీటర్ల దూరమున ఆగవలెను. దాని దారికి అడ్డుపోరాదు. పెద్ద చప్పుడు చేయరాదు.

కైకోరాకు మరియొక అతిథి కలదు. హటన్ షియర్‌వాటర్ అను సముద్రపక్షి పట్టణము వెనుకనున్న పర్వతములపై, 1200 మీటర్లకు పైని ఎత్తున, బొరియలు త్రవ్వి పిల్లలను పెంచును. లోకమంతటిలో దాని సహజమైన స్థావరములు మిగిలినవి రెండే. పిల్లలు ఎదిగి, రాత్రివేళ మొదటిసారి సముద్రమునకు ఎగిరిపోవునప్పుడు, వీథిదీపముల కాంతికి భ్రమపడి రోడ్లపై కూలిపోవును. సమతలమునుండి అవి మరల సులభముగా ఎగురలేవు. ఆ దినములలో పట్టణవాసులు వీథులు గాలించి, కూలిన పిల్లలను అట్టపెట్టెలలో భద్రపరచి, తిరిగి సముద్రమునకు చేర్పింతురు. మన ఆంధ్రతీరమున గ్రుడ్లనుండి వెలువడు ఆలివ్ రిడ్లీ తాబేటిపిల్లలును ఇట్లే దీపములకు మోసపోయి, సముద్రమును విడిచి ఒడ్డువైపు ప్రాకును.

2016 నవంబరు 14వ తేదీ అర్ధరాత్రి దాటినంతనే 7.8 పరిమాణముగల భూకంపము కైకోరాను కుదిపివేసెను. సముద్రపు అడుగు పైకి లేచి, రేవులో పడవలు నడువలేకపోయెను. కొండచరియలు విరిగి పక్షుల బొరియలు కొన్ని పూడిపోయెను. రహదారి మూతపడెను. లోయ అడుగుననుండు ప్రాణులు బురదతో కొట్టుకొనిపోయెను. అయినను ప్రజలు ధైర్యము వీడలేదు. రేవును బాగుచేసికొనిరి; తిమింగిలములును విడిచిపోలేదు.

ఒకనాడు ఆ తీరమున తిమింగిలము కనబడినంతనే ఈటె నెత్తెడివారు. నేడు యంత్రము నాపి మౌనముగా నిలుచుచున్నారు. తిమింగిలము మారలేదు. మారినది మనుష్యుని చూపు. ఆ మార్పువలన తిమింగిలమునకు ప్రాణము, ఊరికి జీవనము దక్కినవి.

ప్రశ్నలు

1. కైకోరా తీరమునకు సమీపమున తిమింగిలములు సంచరించుటకు కారణమేమి?
2. లోతులలో నున్న తిమింగిలమును పడవవారు ఎట్లు కనుగొందురు?
3. ఆల్బట్రాస్‌లకు కలుగు అపాయమును, దానిని తగ్గించు ఉపాయములను తెలుపుము.
4. "మారినది మనుష్యుని చూపు" — ఈ వాక్యమును పాఠము నాధారముగా చేసికొని వివరింపుము.