ముందు పలకరింపు, తర్వాతే ప్రశ్న

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో దిలావర్ భాయ్ వీధి. ఒక ఇంటి వసారాలో ఒడిలో గుడ్డ పరుచుకుని ఒక పెద్దామె చెక్క స్పూనును ఆకురాయితో రాస్తోంది. సన్నటి పొడి రాలుతోంది. కాడ చివర చిన్న పువ్వు తేలుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తాను. ‘ఇది ఎంత?’ అన్నాను. ఆమె చెయ్యి ఆగిపోయింది. తల మీద కొంగు సర్దుకుని ‘లోపల అబ్బాయి ఉండాడు, అడగండి’ అంది. మళ్ళీ నా వైపు చూడలేదు.

కాసేపటికి ఇంకొకాయన వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. ‘సలామమ్మా, బాగుండారా?’ అన్నాడు. ‘రా నాయనా, కూసో’ అంటూ ఆమె పీట జరిపింది. నర్ది చెక్క ఎలా ఉంటుందో, దేవదారి ఎలా ఉంటుందో ముక్కలు చేతికిచ్చి మరీ చెప్పింది. ఆయనకు స్పూన్లు దొరికాయి, టీ కూడా దొరికింది. ఇద్దరం వెళ్ళింది ఒకే పని మీద. తేడా ఒక్క పలకరింపు!

కొత్త ఊళ్ళో మన చదువు, హోదా, జేబులో డబ్బు ఎవరికీ కనిపించవు. మన నోట వచ్చే మొదటి మాటే కనిపిస్తుంది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు వెళ్ళేవారికే కాదు, ఏ ఊరు వెళ్ళేవారికైనా అక్కరకొచ్చే ఏడు సూత్రాలివి.

1. వరస కలపండి

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. ‘అన్నా’, ‘అమ్మా’, ‘మామా’ అన్న పిలుపులకు మతం అడ్డు రాదు. పెద్దవారైన ముస్లింలను ‘భాయ్’, ‘చాచా’ అనండి. మీకన్నా పెద్దామెను ‘ఆపా’ అనొచ్చు, ‘అమ్మా’ అన్నా చాలు. ‘ఏయ్ సాయిబూ’ అని దూరం నుంచి కేకెయ్యకండి. సలాం చెప్పడం రాకపోతే నమస్కారం పెట్టండి. వాళ్ళు చూసేది భాషను కాదు, మీరు ఆగి పలకరించారా లేదా అని.

2. వాళ్ళ ప్రశ్నలకు జవాబివ్వండి

‘యాడ్నించి వస్తుండారు? ఏం చేస్తుంటారు? పిల్లలెంతమంది?’ బస్సులో పక్క సీటాయన వరసగా అడుగుతాడు. ఇది ఆరా తీయడం కాదు. మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ వరసన పిలవాలో తేల్చుకోవడం. ముక్తసరిగా తోసెయ్యకండి. రెండు మాటలు చెప్పి, మీరూ రెండు మాటలు అడగండి. ఆ తర్వాత మీరు దారి అడిగితే ఆయన బస్సు దిగి మరీ చూపిస్తాడు.

3. ‘అవును’ అనిపించే ప్రశ్న వెయ్యకండి

ఉదయగిరి కొండ మీది కోటకు వెళ్తూ ‘దుర్గానికి ఇదే కదా దారి?’ అంటే ‘ఆఁ, ఇదే’ అనొచ్చు. పరాయివాణ్ణి కాదనడం మర్యాద కాదని చాలామంది అనుకుంటారు. అందుకే ‘దుర్గం ఎక్కాలంటే ఎట్టా పోవాలన్నా?’ అని అడగండి. ‘దగ్గరేనా?’ అని అడిగితే ‘ఇక్కడే’ అంటారు. ‘నడిస్తే ఎంతసేపు పడుతుంది?’ అనండి, అసలు లెక్క తెలుస్తుంది. ఒకప్పుడు గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికే ఏడాదికి పైగా పట్టింది. 1514లో గానీ అది చిక్కలేదు. ఆ కొండ ఎక్కేముందు, పశువులు తోలుకెళ్ళేవారిని ఒక్క మాట అడగడం నామోషీ కాదు.

4. దర్గాలో కాళ్ళకన్నా ముందు కళ్ళు అదుపులో పెట్టుకోండి

ఆత్మకూరుకు దగ్గరలోని అనుమసముద్రంపేటను అందరూ ఏఎస్ పేట అంటారు. అక్కడి ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. చెప్పులు బయట విడవండి. తల మీద రుమాలో కొంగో కప్పుకోండి. వెనుదిరిగేటప్పుడు సమాధికి వీపు చూపకుండా నాలుగడుగులు వెనక్కి వేసి రండి. ప్రసాదంగా ఇచ్చింది కుడిచేత్తో అందుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మనసు చెదిరిన బిడ్డనో భార్యనో వెంటబెట్టుకుని, కుదుటపడుతుందన్న ఆశతో అక్కడికి వచ్చే కుటుంబాలు ఎన్నో. వాళ్ళను తేరిపార చూడకండి. ఫోన్ ఎత్తకండి. ‘ఏమైంది?’ అని అడగకండి. పక్కన చోటుంటే జరిగి కూర్చోబెట్టండి. మాట్లాడకపోవడం కూడా మాట తీరులో భాగమే.

5. ‘వద్దు’ మానేసి ‘చాలు’ అనండి

టీ గ్లాసు ముందుకు రాగానే ‘వద్దండీ’ అంటే అది టీని కాదన్నట్టు ఉండదు, ఇంటినే కాదన్నట్టు ఉంటుంది. అందుకుని రెండు గుక్కలు తాగి ‘చాలమ్మా’ అనండి. మెట్ట ప్రాంతంలో నీళ్ళ విలువ వేరు. చెంబు ఇస్తే ఎత్తి తాగండి, కావలసినంతే తాగండి, మిగిలింది పారబొయ్యకండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవారి ఎదుట తినకండి. సెలవు తీసుకునేటప్పుడు ‘పోతా’ అనకండి. ‘పొయ్యొస్తా’ అనండి.

6. ధరకన్నా ముందు పనిని అడగండి

ఉదయగిరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. తరతరాలుగా ఆ పని చేస్తున్నవి ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ‘ఎంత?’ అనేముందు ‘ఇది ఏ చెక్కమ్మా? ఎన్నాళ్ళు పడుతుంది?’ అని అడగండి. చేసిన మనిషిని గుర్తించాక బేరం మీ నోటికే రాదు. ఫోటో కావాలంటే అడగండి. ‘వద్దు’ అంటే నవ్వి ఫోన్ జేబులో పెట్టుకోండి. రెండోసారి అడగకండి.

7. మీ కుతూహలం వాళ్ళకు చిక్కు కాకూడదు

ఇవే సూత్రాలు పట్టుకుని ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. చైనా పడమటి కొసన ఉయ్‌గుర్ ముస్లింల ఊరు కష్గర్ ఉంది. అక్కడా పలకరింపు సలామే. ‘యఖ్షిముసిజ్?’ అంటే మన ‘బాగుండారా?’ కృతజ్ఞత చెప్పడానికి ‘రెహ్మెత్’ అంటారు. దయ అని అర్థమిచ్చే అరబిక్ ‘రహ్మత్’ నుంచి వచ్చిన మాట అది. రహ్మతుల్లా అనే పేర్లు విన్న మన నెల్లూరోళ్ళకు అది కొత్తగా వినిపించదు. భోజనానికి ముందు అతిథి చేతుల మీద వాళ్ళు నీళ్ళు పోస్తారు. తడి చేతులు విదిలించకూడదు, తుడుచుకోవాలి. రొట్టెను బోర్లా పెట్టకూడదు, కింద పడితే తొక్కకూడదు. అన్నం మెతుకు తొక్కని మనకు ఇది ఒకరు నేర్పాలా?

అక్కడ ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ప్రభుత్వం గురించో మతం గురించో మీరు అడిగే ప్రశ్న, మీరు విమానం ఎక్కాక వాళ్ళ మెడకు చుట్టుకోవచ్చు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. తవ్వకండి. ఈ జాగ్రత్త మన ఊళ్ళలోనూ కావాలి. అప్పులు, కులం, ఇంటి గొడవలు, ఓటు ఎవరికి వేశారన్నది పదిమందిలో అడగకండి.

ఈ వారమే మొదలుపెట్టండి

ప్రయాణం దాకా ఆగక్కర్లేదు. రేపు కూరగాయలామె దగ్గర ‘కిలో ఎంత?’ అనేముందు ‘బాగున్నావా అమ్మా?’ అనండి. ఆటో ఎక్కేముందు ‘అన్నా’ అనండి. ఏడు రోజులు ఇలా చేస్తే నాలుకకు అలవాటవుతుంది.

కొన్ని నెలల తర్వాత నేను మళ్ళీ ఆ వీధికి వెళ్ళాను. చెప్పులు విడిచాను. ఫోన్ సంచిలో ఉంది. ‘సలామమ్మా, బాగుండారా?’ అన్నాను. ఆకురాయి పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని ఆమె అడిగింది: ‘యాడ్నించి నాయనా వస్తుండావు?’

నేను పీట లాక్కుని కూర్చున్నాను.