జ్ఞప్తికి సంబంధించిన ఆంగ్లపదములు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: తెలుగు మాధ్యమములో చదివి, ఇప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మనస్తత్వశాస్త్రము చదువుచున్నాను. రిటెన్షన్, రిట్రీవల్, రీకాల్, రికగ్నిషన్ అను మాటలన్నిటికిని 'జ్ఞాపకము' అనియే వ్రాసికొని, పరీక్షలో తాఱుమాఱు చేయుచున్నాను. వీనిని వేఱుపఱచుట ఎట్లు?
- ఒక విద్యార్థిని, మద్దిలపాలెము

జవాబు: ఈ మాటలను విడివిడిగాక, అవి తెలుపు క్రియల వరుసలో నిలిపి చూచినచో భేదము తానై తేలును. విన్నదానిని మనస్సు తనకు అనువైన రూపమున గ్రహించుట ఎన్‌కోడింగ్. గ్రహించినది చెదరక నిలుచుట రిటెన్షన్. నిలిచినదానిని వలసినప్పుడు పైకి దీయుట రిట్రీవల్. ఈ కడపటి పనికి రెండు తెఱగులు కలవు. తిరుపతి వేంకటకవులు ఊరూర ప్రసిద్ధి గావించిన అవధానవిద్యలో, ఘంటానాదమును అప్రస్తుతప్రసంగమును ఏకాగ్రతను భంగపఱచుచుండగా సమస్యను, దత్తపదిని, నిషిద్ధాక్షరిని పూరించి, తుదకు ధారణవేళ కాగితము ముట్టక ఆ పద్యములన్నిటిని అప్పగించు అవధాని చేయునది రీకాల్. మఱునాడు వానిని అచ్చులో చూచి, ఇవి నిన్న విన్నవే యని పోల్చుకొను శ్రోత చేయునది రికగ్నిషన్. పరీక్షలో వ్యాసమునకు మొదటిది వలయును. ఇచ్చిన నాలుగు జవాబులలో సరియైనదాని నెన్నుటకు రెండవది చాలును.

రిటెన్షన్‌తో రిటైన్‌ను, రిట్రీవల్‌తో రిట్రీవ్‌ను జంటగా వ్రాసికొనుడు. శాస్త్రగ్రంథములు నామరూపమును మెండుగా వాడును గాన, క్రియ యొక్కటే తెలిసినవారికి అట్టి వాక్యము కుదురదు.

ప్రశ్న: పైచదువునకై ఐఇఎల్‌టిఎస్ వ్రాయదలచి, షిఫ్టు దిగినపిమ్మట ఏకబిగిని మాటలు వల్లెవేయుచున్నాను. వారము తిరుగునప్పటికి సగము పోవుచున్నవి. నా జ్ఞాపకశక్తి సన్నగిల్లినదా? అసలు ఏ మాటలు ముందు నేర్వవలెను?
- ఒక ఉద్యోగి, ఉక్కునగరము

జవాబు: మీ శక్తిని శంకింపకుడు, ఏకబిగిని చదువుటయే లోపము. జర్మను పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరగుచ్ఛములను తానే వల్లెవేసి, తన మఱపును తానే కొలిచి, 1885లో ప్రకటించిన గ్రంథమున, మఱపు మొదటి గంటలలో వేగముగా సాగి పిదప మందగించుననియు, ఒక్కపెట్టున చేసిన ఆవృత్తులకంటె దినములమీద పంచిన ఆవృత్తులే మేలనియు చూపెను. కావున ఈనాటి కొలదిమాటలను రేపును, మూడునాళ్లకును, వారమునకును మరల తలచుకొనుడు. ప్రతిమాఱును అర్థమునే చూచి, మాటను కప్పిపెట్టి, లోపలినుండి తెచ్చుకొనుడు. కంటికి పరిచితమైనంతమాత్రమున మాట వచ్చినదని భ్రమపడరాదు. అది రికగ్నిషనేగాని రీకాల్ గాదు.

ఎంపికకు న్యూజీలాండు విదుషి ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యాపదపట్టికను చేపట్టుడు. అందు 570 పదకుటుంబములు వాడుక తఱచుదనమును బట్టి 10 భాగములుగా నున్నవి. రిటైన్, రిటెన్షన్ అందొక కుటుంబములోనివే. మొదటి భాగముతో ఆరంభించి, ప్రతిమాటతోను మీ పనికి చెందిన వాక్యమొకటి సొంతముగా కట్టుడు. కట్టలేని మాటను మఱునాటి పాఠములో మరల చేర్చుడు.