తాడు దానంతటది ఊడకూడదు, లాగితే ఆగకూడదు
(గ్లైడర్‌ను లాగే విమానాల దగ్గర చేయవలసినవి - చేయకూడనివి)

ఒకపక్క జోర్‌బాగ్ ఇళ్లు, ఇంకోపక్క ఐఎన్ఏ మార్కెట్. ఢిల్లీ నడిబొడ్డున ఉన్న సఫ్దర్‌జంగ్ ఎయిర్‌పోర్టుకూ గ్లైడింగ్‌కూ పాత బంధం ఉంది. ఇక్కడి పౌర విమానయాన శాఖ టెక్నికల్ సెంటర్‌లో ఎస్. రామామృతం రూపొందించిన రెండు సీట్ల రోహిణి గ్లైడర్ 1961లో తొలిసారి ఎగిరింది. వించ్‌తో గ్లైడర్‌ను లేపడం ఒక పద్ధతి, టగ్ విమానానికి సుమారు 200 అడుగుల తాడు కట్టి లాగించడం ఇంకో పద్ధతి. ఈ రెండో పద్ధతిలో, ఇలాంటి జనావాసాల మీద 150 అడుగుల ఎత్తులో తాడు ఊడిందంటే గ్లైడర్ దిగడానికి చోటు దొరకడం కష్టం. గ్లైడింగ్ నేర్చుకునే మన పిల్లలు ఎక్కడ చేరినా ఈ సంగతులు తెలుసుకుని వెళ్లాలి.

చేయవలసినవి

రోజూ మొదటి ఫ్లైట్‌కు ముందు టగ్ తోక దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తాడు తగిలించే హుక్‌ను చూడండి. టోస్ట్ కంపెనీ హుక్ అయితే లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందా? ష్వైట్జర్ కంపెనీ హుక్ అయితే దాన్ని పట్టి ఉంచే గొళ్లెం అంచు అరిగిందా? మే, జూన్‌లలో ఆంధీ (దుమ్ము తుఫాను) వచ్చి వెళ్లాక గ్రీజుకు దుమ్ము పట్టి స్ప్రింగ్ మొరాయిస్తుంది. సగమే మూసుకున్న హుక్ నేల మీద బాగానే కనిపిస్తుంది, ఫుల్ థ్రాటిల్ ఇచ్చాక వదిలేస్తుంది. అందుకే తుడిచి, తాడు చివరి రింగు తగిలించి, చేత్తో గట్టిగా లాగి చూడాలి. తర్వాత తాడును ఒకరు బిగించి పట్టుకోగా పైలట్ రిలీజ్ చేసి చూడాలి. రెండు పరీక్షలూ జరగాల్సిందే.

కాక్‌పిట్ నుంచి హుక్ దాకా వెళ్లే కేబుల్‌లో మాన్యువల్ చెప్పినంత వదులు ఉంచండి. మరీ బిగిస్తే కేబులే హుక్‌ను లాగేయగలదు. రిలీజ్ హ్యాండిల్ దగ్గర సంచి, నీళ్ల సీసా, వేలాడే బెల్టు ఉండకూడదు.

సంకేతాలు ముందే మాట్లాడుకోండి. టగ్ రెక్కలు ఊపితే వెంటనే తాడు వదలమని. తోకలోని రడ్డర్ మాత్రమే ఊపితే గ్లైడర్‌లో ఏదో తేడా ఉంది, ఎయిర్‌బ్రేకులు తెరుచుకున్నాయేమో చూసుకోమని. రెండోదాన్ని మొదటిదనుకుని కంగారులో తాడు వదిలేసినవాళ్లు ఉన్నారు. ఎయిర్‌బ్రేకులు తెరిచి ఉండగానే తాడు వదిలేస్తే గ్లైడర్ వేగంగా కిందికి దిగిపోతుంది. అంతకన్నా చెడ్డ పొరపాటు ఇందులో లేదని నా అభిప్రాయం.

చేయకూడనివి

తాడు ఊడుతోంది కదా అని రిలీజ్ హ్యాండిల్‌ను తీగతోనో టేపుతోనో కట్టేయకండి. వెనక గ్లైడర్ ఒక్కసారిగా పైకి లేస్తే టగ్ తోక కూడా పైకి లేచి ముక్కు నేలవైపు తిరుగుతుంది. తక్కువ ఎత్తులో అప్పుడు టగ్ పైలట్ ప్రాణాన్ని కాపాడేది ఆ హ్యాండిల్ ఒక్కటే.

బజారులో దొరికిన రింగులు వాడొద్దు. హుక్ తయారీదారు చెప్పిన కొలతవే వాడాలి. లాగుడు మితిమీరితే ముందుగా తెగే వీక్ లింక్ కూడా ఆ గ్లైడర్‌కు చెప్పినదే వాడాలి.

గ్లైడర్ పైలట్ పసుపురంగు రిలీజ్ నాబ్‌కు దగ్గరగా చెయ్యి ఉంచాలి, పట్టుకుని కూర్చోకూడదు. కుదుపు వస్తే పట్టుకున్న చెయ్యి లాగేస్తుంది.

తాడు వదులుగా ఉండగా టగ్ పరుగు మొదలుపెట్టకూడదు. మధ్యాహ్నం పైకి లేచే వేడిగాలుల్లో (థర్మల్స్‌లో) తాడు వదులైతే ఒక్కసారిగా బిగుసుకోనివ్వకూడదు.

ఇంత చేసినా తాడు ఊడిందా? ముందు ముక్కు దించి వేగం నిలబెట్టుకోండి. 200 అడుగుల లోపు అయితే సాధారణ నియమం ఒకటే: వెనక్కి తిరగొద్దు, ఎదురుగా ఉన్న చోటే దిగండి. దిగాక కారణం దొరికేదాకా ఆ టగ్‌ను మళ్లీ పంపొద్దు.

రెక్క పట్టుకుని నిలబడే కొత్త విద్యార్థులకు ఒక విన్నపం. తాడు, రింగు, హుక్‌లను అందరికన్నా దగ్గరగా చూసేది మీరే. ఏ మాత్రం అనుమానం వచ్చినా, ముందున్నది ఎంత పెద్ద ఇన్‌స్ట్రక్టర్ అయినా సరే, "స్టాప్" అని గట్టిగా అరవండి.