అమ్మమ్మ సొరుగు

మా అమ్మమ్మది హిందూపురం వైపు. రెండేళ్లుగా బెంగళూరులో మా దగ్గరే ఉంటోంది. ఆమెకు నీటికాసులు. ఈ జబ్బులో ఎక్కువగా పక్కచూపు ముందు తగ్గుతుంది, పోయిన చూపు మళ్లీ రాదు. చుక్కల మందు వేసేది ఉన్నదాన్ని నిలుపుకోవడానికే. మొన్న సెలవుల్లో చారులో ఇంగువ అనుకుని వంటసోడా వేసింది. చింతపండు పులుసు కదా, బుస్సున పొంగి స్టవ్వంతా పారింది. “ఇక నువ్వు పొయ్యి దగ్గరికి రావద్దులేమ్మా” అని అమ్మ మెత్తగానే అంది. అమ్మమ్మ ఏమీ అనలేదు. వారం రోజులు హాల్లోనే కూర్చుంది.

సొరుగు తెరిచి చూస్తే తప్పంతా కంటిది కాదని తెలిసింది. ఒకే రకం స్టీలు డబ్బాలు పదిహేను. సొరుగు లాగినప్పుడల్లా జారి చోట్లు మారుతున్నాయి. చోటు మారకపోతే చెయ్యే చూసుకుంటుంది కదా! అందుకే చెక్క అరలు చేశాను. ఎలా చేశానో చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది.

ముందు సొరుగు లోపలి కొలత తియ్యాలి. మాది 45 సెం.మీ. వెడల్పు. చట్రం పట్టెయ్యకుండా దిగాలని 4 మి.మీ. వదిలి 44.6కు చేశాను. 6 మి.మీ. మందం ప్లైవుడ్‌ను 6 సెం.మీ. ఎత్తు పట్టీలుగా దుకాణంలోనే కోయించాను. వరసకు ఐదు గదులు కావాలి. 45ని 5తో భాగిస్తే 9 అని గీతలు గీసి కోసేశాను. చివరి గదికి 5 సెం.మీ. మిగిలింది! చెక్కకూ మందం ఉంటుందని మరిచిపోయాను. రెండు గోడలు, నాలుగు అడ్డుపట్టీలు కలిసి 3.6 సెం.మీ. తింటాయి. మిగిలేది 41, అంటే గదికి 8.2. మా డబ్బాల అడుగు 8, సరిగ్గా కూర్చుంటాయి. పాడైన పట్టీలు ఇంకా నా మంచం కింద ఉన్నాయి.

పట్టీలు ఒకదాన్నొకటి దాటే చోట గాడి కొట్టాలి. గాడి లోతు పట్టీ ఎత్తులో సగం, అంటే 3 సెం.మీ. పొడుగు పట్టీలకు గాడి పైనుంచి, పొట్టివాటికి కిందినుంచి. రెండూ ఒకదాంట్లో ఒకటి దిగి, మేకు లేకుండానే నిలబడతాయి. ఒకే పొడవువన్నీ కట్టగా బిగించి ఒకేసారి కోస్తే గాడులు తేడా రావు. రంపం గీత మీద కాదు, తీసెయ్యాల్సిన వైపు నడవాలి. గాడి వదులైతే మళ్లీ బిగుతు చెయ్యలేం, బిగుతుగా ఉంటే ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు.

మా వీధి వడ్రంగి కన్నడిగుడు. ఉలి అడగ్గానే ఇచ్చాడు, కన్నడంలోనూ అది ఉళి. రంపం అంటే మాత్రం అర్థం కాలేదు, వాళ్లది గరగస.

వంటసోడా డబ్బా మూతకు చన్నపట్నం లక్కపూస ఒకటి అంటించాను, వేలికి తెలియాలని. (వాళ్లు ఆలె మర అనే చెట్టే మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు!)

మినప్పప్పు, శనగపప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి అని తిరగవాత వరసలో సర్దాను. అమ్మమ్మ కళ్లు మూసుకుని పట్టీల అంచులు తడిమింది. “ఆవాలు మొదట పెట్టు పాపా, నా చెయ్యి ఆడికే పోతాది” అంది. మార్చాను. తర్వాత తనే అడిగింది, సోడా ఎక్కడని. వెనక వరసలో, చివరి గది. పూస తడిమి, మూడుసార్లు తీసి పెట్టి చూసుకుంది.

నిన్న పప్పుకు తిరగవాత అమ్మమ్మే వేసింది. స్టవ్ మాత్రం అమ్మ ముట్టించి, పక్కనే నిలబడింది.