మేమెవరో అడక్కండి, మీరెవరో చెప్పండి

బహ్రెయిన్‌లో ఉన్నవాళ్ళకి ఈ ఫోను కొత్త కాదు. తెరమీద 17తో మొదలయ్యే ఎనిమిదంకెల నెంబరు, అంటే ఇక్కడి ల్యాండ్‌లైనే. అవతల హిందీలో మర్యాదగా ఓ గొంతు: "సార్, మీ సీపీఆర్ వివరాలు బ్యాంకులో అప్‌డేట్ కాలేదు. సాయంత్రానికి కార్డు ఆగిపోతుంది." ఆ తర్వాత సీపీఆర్ నెంబరు అడుగుతాడు, కార్డు మీది అంకెలు అడుగుతాడు, చివరికి ఫోనుకొచ్చిన ఓటీపీ అడుగుతాడు.

"ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అన్న మాట అందరికీ కంఠతా వచ్చు. అయినా చెప్తూనే ఉన్నారు, చదువుకున్నవాళ్ళు కూడా. ఎందుకంటే ఆ క్షణంలో వాళ్ళు ఓటీపీ చెప్తున్నది "ఎవరికో" కాదు, బ్యాంకుకి! అవతలివాడు బ్యాంకువాడేనన్న నమ్మకం అంతకు రెండు నిమిషాల ముందే కుదిరిపోయింది. అందుకని ఆ నమ్మకం ఎలా కుదిరిందో చూద్దాం.

కంప్యూటర్ల భాషలో ఆథెంటికేషన్ అనే మాట ఉంది. నేను ఫలానా అని రుజువు చేసుకోవడం. బ్యాంకు మన దగ్గర ఈ రుజువులు ఎన్ని అడుగుతుందో తెలిసిందే: సంకేతపదం, వేలిముద్ర, ఓటీపీ, తల్లి ఇంటిపేరు. మరి బ్యాంకు తాను బ్యాంకేనని మనకి ఎలా రుజువు చేస్తుంది? అంతర్జాలంలో అయితే దానికో ఏర్పాటు ఉంది. బ్యాంకు సైటు తన సర్టిఫికెట్ చూపిస్తుంది, బ్రౌజరు దాన్ని పరీక్షిస్తుంది. మామూలు ఫోనులో అటువంటిదేమీ లేదు. రుజువులన్నీ ఒకవైపు నుంచే. మోసగాళ్ళు కాపురం పెట్టింది ఈ ఖాళీలోనే.

"నెంబరు కనబడుతోందిగా" అంటారేమో. ఇన్‌లాండ్ లెటరు గుర్తుందా? వెనకవైపు పంపినవారి చిరునామా రాయడానికి చోటుంటుంది. అక్కడ ఏం రాసినా పోస్టుమాన్ సరిచూడడు, ఉత్తరం మాత్రం చేరిపోతుంది. అంతర్జాలం మీదుగా చేసే ఫోన్లలో మనకి కనబడే నెంబరు కూడా దాదాపు అలాంటిదే. పంపే వైపు సాఫ్ట్‌వేరు నింపే ఒక గడి, అంతే. మా జింజ్‌లోనే అమెరికా ఎంబసీ ఉంది. ఆ ఎంబసీ నెంబరుతో నాకు ఫోనొచ్చినంత మాత్రాన ఫోను చేసింది ఎంబసీ అని తేలదు. ఈ గడికి సంతకం జోడించే పద్ధతిని అమెరికాలో పెద్ద టెలికాం కంపెనీలు 2021 జూన్ చివరికల్లా అమలు చెయ్యాల్సి వచ్చింది. విదేశాల నుంచి వస్తూ +91 నెంబరు వేషం వేసుకున్న కాల్స్‌ని ఆపే వ్యవస్థని భారతదేశం 2024 అక్టోబరులో మొదలుపెడితే, మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే సుమారు 1.35 కోట్ల కాల్స్ దొరికాయని ప్రభుత్వం ప్రకటించింది.

కాబట్టి చెయ్యవలసినది ఒక్కటే. మాట్లాడేవాడు అసలో నకిలీయో తేల్చే పని పెట్టుకోకండి, అది మన చేతిలో లేదు. ఫోను పెట్టేసి, కార్డు వెనక అచ్చు వేసిన నెంబరుకి మీరే చెయ్యండి. ఫోనులో వచ్చిన కాల్స్ జాబితా నుంచి కాదు, కార్డు చూసి అంకెలు నొక్కండి. దిశ మారితే రుజువు మన చేతికొస్తుంది. నిజంగా బ్యాంకువాళ్ళే అయితే ఇందులో వాళ్ళకి పోయేదేమీ లేదు. "లైను కట్ చెయ్యకండి" అని బతిమాలేవాడు మాత్రం అక్కడే బయటపడిపోతాడు.

ఓటీపీ సందేశం విషయంలో ఒక చిన్న అలవాటు చేసుకోండి: అంకెల కంటే ముందు మాటలు చదవండి. చాలా బ్యాంకులు ఎంత మొత్తమో, ఎవరికో అందులోనే రాస్తాయి. వివరాలు అప్‌డేట్ చేస్తున్నామని అవతలివాడు చెప్తుంటే సందేశంలో 240 దీనార్లని ఉంటుంది. కంగారులో మన కళ్ళు అంకెల మీదికే పోతాయి. 2015లో ఇక్కడ ఫౌరీ ప్లస్ వచ్చాక డబ్బు సెకన్లలో చేరిపోతోంది. అరబ్బీలో ఫౌరీ అంటే తక్షణం అనే అర్థం. మంచివాళ్ళ డబ్బుకీ, దొంగ డబ్బుకీ అదే వేగం! ఊళ్ళో యూపీఐ వాడే అమ్మానాన్నలకి మాత్రం ఒక్క మాట చెప్పి ఉంచండి: డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు, పోవడానికే కావాలి.

మన ఎన్నారై ఖాతాలకి ఎక్కువగా వచ్చేవి కేవైసీ లింకులు. లింకుని, మొదట్లో https:// ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీత దగ్గర ఆపి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. అసలు యజమాని పేరు ఆ చివరే ఉంటుంది. ముందు బ్యాంకు పేరు ఎన్నిసార్లు రాసినా అది అలంకారమే. భారతీయ బ్యాంకులు 2025 అక్టోబరు 31కల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించడంతో ఈ పని కాస్త తేలికైంది.

ఇక "డిజిటల్ అరెస్ట్". వీడియోలో పోలీసు దుస్తులు, మీ పేరున మాదకద్రవ్యాల పార్సిల్, ఎవరికీ చెప్పకూడదని బెదిరింపు. అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియోలోనే చెప్పారు. అయినా ఆ తర్వాతి నెలలోనే హైదరాబాదులో ఒక వృద్ధ వైద్యుడు ఏసీ గార్డ్స్ ఎస్‌బీఐ శాఖకి వెళ్ళి, ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేసి డబ్బు పంపమన్నారు. కౌంటర్లో ఉన్న ఉద్యోగినికి అనుమానం వచ్చి, ఏవేవో కాగితాలు అడుగుతూ ఆలస్యం చేశారు. చివరికి సుమారు 13 లక్షలు మిగిలాయి. గమనించండి, ఆయన్ని కాపాడింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, మూడో మనిషి. మోసగాడు మిమ్మల్ని భార్యకి కూడా చెప్పనివ్వకపోవడం అందుకే. ఇక్కడ ఒక్కరే గదుల్లో ఉండే మనవాళ్ళకి ఆ మూడో మనిషి ఎవరో ముందే అనుకుని ఉంచుకోవాలి.

సాఫ్ట్‌వేరువాళ్ళలో కొందరికి ఈ దొంగలతో ఆడుకోవడం సరదా. గంటసేపు మాట్లాడించి వాడి సమయం వృథా చేశామని చెప్పుకుంటారు. నాకది నచ్చదు. ఆ నెంబరు వాడుకలో ఉందని, ఎత్తి మాట్లాడే మనిషి ఉన్నాడని మనమే వాళ్ళకి తెలియజేస్తున్నాం. ఇంకో సంగతి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి, నిర్బంధించి, ఇలాంటి మోసాలు చేయిస్తున్నారని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. అవతలి గొంతు మన జిల్లాదే, కొట్టించుకుని మాట్లాడుతున్నదే కావచ్చు. పెట్టెయ్యడమే మేలు.

డబ్బు పోతే మాత్రం సిగ్గుపడుతూ కూర్చోకండి. ముందు బ్యాంకుకి ఫోను చేసి కార్డు, ఖాతా ఆపించండి. తర్వాత బహ్రెయిన్‌లో సైబర్ నేరాల విభాగం హాట్‌లైన్ 992. పోయింది భారతదేశపు ఖాతా నుంచైతే ఊళ్ళో ఉన్నవాళ్ళ చేత వెంటనే 1930కి చేయించండి. దొంగ దగ్గరికి చేరిన డబ్బు ఒక ఖాతాలో ఎక్కువసేపు నిలవదు, అది నాలుగు ఖాతాలు మారేలోపు ఫిర్యాదు చేరాలి. కోపంలో చాట్లు చెరిపెయ్యకండి. పోలీసులు అడిగేవి అవే.

కొన్నాళ్ళకి మరో ఫోను రావచ్చు. "మీ పోయిన డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు కాస్త ఫీజు కట్టండి" అని. అదీ ఆ బాపతే. ఒకసారి మోసపోయినవారి నెంబర్ల జాబితాకి ఆ బజార్లో మంచి గిరాకీ.