సబ్ర్ : ఆపదలోనే కాదు, ప్రతి రోజూ

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ పరిసరాలు నీట మునిగాయి. మంచినీళ్ళకు, పాలపొట్లానికి ఎదురుచూస్తూ ఎన్నో కుటుంబాలు మేడల మీదే రోజులు గడిపాయి. మన ఉయ్యూరు నుంచి అక్కడికి ముప్పై కిలోమీటర్లే. ఇక్కడ చాలామందికి అక్కడ చుట్టాలున్నారు. ఫోనులో వాళ్ళకు మనం చెప్పిన మాట ఒకటే: సబ్ర్ చేయండి. అది చెప్పవలసిన మాటే. దెబ్బ తగిలిన తొలి క్షణంలో వహించేదే అసలైన సహనమని దైవప్రవక్త (స) సమాధి దగ్గర ఏడుస్తున్న ఒక స్త్రీ విషయంలో బోధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

కాని సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలో ఈ పదం ఆ ఒక్క సందర్భానికే పరిమితమైపోయింది. చావు జరిగిన ఇంట్లో, ఆసుపత్రి వరండాలో, పంట పోయినప్పుడు తప్ప సబ్ర్ మాట వినబడదు. అరబీలో దాని మూలార్థం ఆపి ఉంచడం, కట్టి నిలపడం. సబ్ర్ మూడు విధాలని ఉలమాలు వివరించారు. అల్లాహ్ విధేయతపై నిలకడగా ఉండటం, పాపం నుండి మనసును ఆపుకోవడం, ఆపదలో ఓర్చుకోవడం. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) ఈ అంశం మీద ఒక గ్రంథమే రాశారు.

మనకు బాగా తెలిసింది మూడోది. అది తేలికని నేననడం లేదు. అయితే ఆపద వచ్చినప్పుడు చుట్టూ నలుగురుంటారు, ధైర్యం చెబుతారు. మొదటి దానికి ఆ తోడు ఉండదు. ఫజ్ర్ వేళ దుప్పటి తీయకపోతే అడిగేవారుండరు. దివ్యఖుర్ఆన్ సూరహ్ తాహా 132వ ఆయతులో, ఇంటివారికి నమాజు గురించి ఆజ్ఞాపించమని, స్వయంగా దానిపై స్థిరంగా ఉండమని అల్లాహ్ ఆదేశించాడు. అక్కడ వాడిన క్రియ సబ్ర్ ధాతువు నుంచే వచ్చింది, అదీ మరింత గట్టి రూపంలో. వరద గురించి కాదు, ప్రతి రోజూ ఇంట్లో చేసే నమాజు గురించి ఆ మాట!

ఈ విషయంలో నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం రమజాన్ ముగిశాక నలభై అయిదేళ్ళు దాటిన ఒక పెద్దాయన ఖుర్ఆన్ చదవడం నేర్పమని వచ్చారు. చెరకు ట్రాక్టరు తోలేవారు. ఆయన ఉత్సాహం చూసి నేను పొంగిపోయి రోజుకు ఒక పుట పాఠం ఇచ్చాను. రెండు వారాలు వచ్చారు, తర్వాత మానేశారు. బజారులో ఎదురైతే తల దించుకుని పక్కకు తప్పుకునేవారు. ఆయనకు సహనం లేదనుకున్నాను నేను. నిజానికి సహనం లేనిది ఎవరికి?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యువకుడుగా ఉన్నప్పుడు రోజూ ఉపవాసం, రాత్రంతా నమాజు అని నిశ్చయించుకున్నారు. దైవప్రవక్త (స) ఆయన్ను పిలిపించి, శరీరానికీ కళ్ళకూ భార్యకూ హక్కులున్నాయని గుర్తుచేసి, నెలకు మూడు ఉపవాసాలు చాలన్నారు. ఆయన ఇంకా శక్తి ఉందని పదే పదే అడిగారు. చివరికి దావూద్ (అలైహిస్సలాం) పద్ధతి, అంటే రోజు విడిచి రోజు ఉపవాసం దగ్గర ఆగింది. వృద్ధాప్యం వచ్చాక, ఆనాడు ఇచ్చిన సడలింపును స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఆయన అనుకునేవారు. అయినా మొదలుపెట్టిన దాన్ని వదల్లేదు. రాత్రి నమాజులు చేస్తూ చేస్తూ మానేసిన ఫలానా వ్యక్తిలా కావద్దని కూడా దైవప్రవక్త (స) ఆయన్ను హెచ్చరించారు. కొద్దిపాటిదైనా నిరంతరంగా చేసే ఆచరణే అల్లాహ్ కు అత్యంత ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఇది ఎన్నోసార్లు బోధించిన నేను ఒక పుట పాఠం ఇచ్చాను!

మరి ఆగిపోయిన వాళ్ళ సంగతేమిటి? ఏడాది గడిచాక ఆ పెద్దాయనే మళ్ళీ మసీదు మెట్ల మీద కనిపించారు. "హజ్రత్, ముఖం చెల్లక రాలేదు" అన్నారు. చెరకు మాట ఆయనే ఎత్తారు. మొక్క తోట నరికాక మోళ్ళను పదునైన పారతో నేలమట్టానికి చెక్కాలట. పైన మోడు వదిలేస్తే పై కన్నుల నుంచి బలహీనమైన పిలకలొస్తాయి. నేలమట్టానికి చెక్కితే మట్టిలోని కన్నులు మొలిచి కార్శి తోట నిలబడుతుంది. పైగా మొక్క తోట కంటే కార్శి ముందే పక్వానికొస్తుంది. "నన్ను కూడా మొదటి నుంచే మొదలుపెట్టించండి, మధ్యలోంచి వద్దు" అన్నారు. ఇలాంటి మాట మదరసాలో ఏ ఉస్తాదూ నాకు చెప్పలేదు.

"అలాగే చాచా, రోజుకు మూడు పంక్తులే" అన్నాను. నమాజు మానేసి సిగ్గుతో మసీదుకు దూరంగా ఉన్న తమ్ముళ్ళకు, ఖుర్ఆన్ మధ్యలో ఆపేసిన అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేదీ ఇదే. పాత లెక్కలన్నీ ఒక్క రాత్రిలో తీర్చాలని కూర్చోకండి. తౌబా చేసి, రేపటి ఫజ్ర్ తో మొదలుపెట్టండి. ఇంట్లో ఎవరైనా అలా తిరిగి మొదలుపెడితే "ఎన్నాళ్ళు చేస్తావో చూస్తాం" అనకండి. ఆ ఎత్తిపొడుపుకే సగం మంది మళ్ళీ ఆగిపోతారు.

చాచా ఇప్పుడు అమ్మ పారాలో ఉన్నారు. సూరహ్ అల్ ఫజ్ర్ దగ్గర నాలుక తిరగడం లేదని రెండు రోజులుగా అదే పాఠం చదువుతున్నారు. మూడు పంక్తులను రెండుకు తగ్గించాం.